సన్నసెగ అంటే ఎన్ని వాట్లు? ఇండక్షన్ స్టవ్‌కి చేయి అలవాటు చేసుకోవడం ఎలా

మా ఇంటికి ఇండక్షన్ స్టవ్ వచ్చిన రోజు మా అత్తయ్య దాని ముందు నిలబడి ఒకటే అడిగారు. "మంటే కనబడకపోతే సెగ ఎంతుందో ఎలా తెలుస్తుందమ్మా?" ఏళ్ల తరబడి మంట చూసి వండిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. స్టవ్‌తో వచ్చిన పుస్తకంలో బటన్ల గురించి ఉంది కానీ దీనికి జవాబు లేదు. గ్యాస్ మీద పొంగనివ్వకుండా పాలు కాచే చేయి, మాడకుండా పోపు పెట్టే చేయి ఇక్కడ మొదటి నాలుగు రోజులు తడబడుతుంది. మీకు వంట రాక కాదు. మీ చేతికి తెలిసిన సెగ ఇప్పుడు అంకెల్లోకి మారింది, ఆ అంకెలు మీకింకా అలవాటు కాలేదు, అంతే. ఒక వారం ఓపిక పడితే అలవాటవుతాయి. ఆ వారం ఎలా గడపాలో చెబుతాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఈ స్టవ్‌లో వేడి గాజు పలకలో పుట్టదు, గిన్నె అడుగులోనే పుడుతుంది. పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకి 20 వేల సార్లకు పైగా దిశ మారుస్తూ పారుతుంది. దాంతో పైన అయస్కాంత క్షేత్రం అంతే వేగంగా మారుతూ, ఇనుము గుణమున్న గిన్నె అడుగులో కరెంటును పుట్టిస్తుంది. గిన్నె వేడెక్కేది దానివల్లే. అంటే ఇక్కడ గిన్నే పొయ్యి. గిన్నె తీస్తే పొయ్యి ఆరినట్టే, పల్చటి గిన్నె పెడితే పొయ్యే పల్చటిదైనట్టు. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలా వరకు ఈ ఒక్క మాట నుంచి వచ్చినవే.

గిన్నెల అరమర ముందు కూర్చోండి

ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం బొమ్మ ఒకటి తీసుకుని, ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె అడుగుకీ పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే ఆ గిన్నె పనికొస్తుంది. జారిపోతే పనికిరాదు. పట్టీ పట్టనట్టు ఉంటే స్టవ్ ఒకసారి గుర్తిస్తుంది, ఇంకోసారి కీ కీ అని అరిచి ఆగిపోతుంది. అలాంటి దాన్ని పక్కన పెట్టేయడమే మేలు.

సత్తు గిన్నెలు, ఇత్తడి, రాగి, కంచు, మట్టి కుండలు ఏవీ పనికిరావు. స్టీలు గిన్నె కదా, పనిచేస్తుందిలే అనుకోకండి. మన ఇళ్లలో ఉండే స్టీలు గిన్నెల్లో చాలావాటికి అయస్కాంతం అంటుకోదు. అడుగున రాగి పూత వేసిన స్టీలు గిన్నెలూ అంతే. పాత అల్యూమినియం కుక్కర్ కూడా నడవదు, కింద ఇండక్షన్ అడుగు ఉన్నదే కావాలి. అయితే కుక్కర్ లోపల పెట్టే గిన్నెలు, ఇడ్లీ రేకులు ఏ లోహానివైనా ఫర్వాలేదు. బయటి పాత్ర అడుగుకి అయస్కాంతం పడితే చాలు. ఇది తెలియక మంచి ఇడ్లీ రేకులు పాత సామాన్లవాడికి వేసేసినవాళ్లు నాకు తెలుసు.

అయస్కాంతం పట్టినంత మాత్రాన సరిపోదు, అడుగు చదునుగా ఉండాలి. గిన్నె బోర్లించి అడుగు మీద స్కేలు నిలబెట్టి చూడండి. స్కేలు కింద వెలుతురు బాగా కనిపిస్తే ఆ గిన్నె సరిగ్గా వేడెక్కదు. గుండ్రటి అడుగు బాణలి ఎంత ఇష్టమైనదైనా ఇక్కడ కుదరదు. అడుగు మరీ చిన్నదైనా కష్టమే. సుమారు 12 సెంటీమీటర్లకు తగ్గితే చాలా స్టవ్‌లు గిన్నె పెట్టినట్టే గుర్తించవు.

అన్నీ ఒకేసారి కొనేయకండి. చదునైన ఇండక్షన్ కుక్కర్ ఒకటి, మందపాటి అడుగున్న మూకుడు ఒకటి, పాలకీ టీకీ ఒక గిన్నె, ఒక ఇనప పెనం ఉంటే నలుగురున్న ఇల్లు గడిచిపోతుంది. డబ్బు పెట్టాలనుకుంటే మూకుడు మీద పెట్టండి. అడుగు పల్చగా ఉంటే వేపుడు మధ్యలో మాడి, చుట్టూ పచ్చిగా ఉండిపోతుంది. పాత గిన్నెల కింద పెట్టుకోమని గుండ్రటి ఇనప రేకులు అమ్ముతారు. నేను వద్దంటాను. ముందు ఆ రేకు కాలి, తర్వాత గిన్నెకి వేడి చేరాలి. వంట ఆలస్యమవుతుంది, ఎర్రగా కాగిన రేకు కింద గాజు పలక దెబ్బతింటుంది.

ప్లగ్గు పెట్టే ముందు

2000 వాట్ల స్టవ్ పూర్తిగా పెడితే దాదాపు 9 యాంప్‌ల కరెంటు లాగుతుంది. సెల్‌ఫోన్ చార్జర్ పెట్టే 6 యాంప్‌ల చిన్న సాకెట్ దానికి చాలదు. గీజర్‌కి, ఏసీకి పెట్టే 16 యాంప్‌ల పెద్ద సాకెట్ కావాలి, దానికి ఎర్తింగ్ ఉండాలి. వంటింట్లో అలాంటిది లేకపోతే స్టవ్ కొనేముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించుకోండి. మేం ఆ పని వాయిదా వేసి, మొదటి నెల ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడిపాం. ఒకరోజు కాలిన వాసన వచ్చి చూస్తే ప్లగ్గు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి మెత్తబడింది. ఇంకో వారం గమనించకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

స్టవ్‌ని గోడకి ఆనించి పెట్టకండి. కింద, వెనక గాలి ఆడే కంతలు ఉంటాయి, లోపలి ఫ్యాన్ వాటినుంచే గాలి పీల్చుకుంటుంది. స్టవ్ కింద న్యూస్‌పేపరు, ప్లాస్టిక్ గుడ్డ పరిచే అలవాటుంటే మానేయండి. వంటయ్యాక బటన్ నొక్కి ఆపినా ఆ ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది. అది ఆగేదాకా గోడ మీది స్విచ్ కట్టేయకండి.

ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే స్టవ్‌కి కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వాడేముందు డాక్టర్‌ని ఒక మాట అడగండి.

మొదటి రోజు: నీళ్లు మాత్రమే

మొదటి రోజు దీనిమీద ఏమీ వండకండి. ఒక లీటరు నీళ్లు పోసి పూర్తి వాట్లలో పెట్టి గడియారం చూడండి. 2000 వాట్లలో మూడు నాలుగు నిమిషాల్లో తెర్లుతాయి. అలా తెర్లుతున్నప్పుడే 1200కి, 800కి, 400కి దించుతూ పోండి. ఒక్కో అంకె దగ్గర నీళ్లు ఎలా ఉన్నాయో చూడండి. బుడగలు ఎగసిపడుతున్నాయా, అంచుల్లోనే కదులుతున్నాయా, ఆగి ఆగి వస్తున్నాయా? మీరు పెద్దమంట అనేది ఎక్కడుంది, మధ్యస్థం ఎక్కడుంది, సన్నసెగ ఎక్కడుంది? చూసింది చూసినట్టు ఒక చిన్న కాగితం మీద రాసి, స్టవ్ పైన గోడకి అంటించండి. మా గోడ మీద ఇప్పటికీ ఉంది: పెద్దమంట 1600, మధ్యస్థం 1000, సన్నసెగ 400. మీ స్టవ్‌కి, మీ గిన్నెలకి ఈ అంకెలు వేరే రావచ్చు. అందుకే మీ అంకెలు మీరే రాసుకోవాలి. అత్తయ్య అడిగినదానికి జవాబు ఆ కాగితమే అయింది.

400 దగ్గర ఒక సంగతి గమనిస్తారు. చాలా స్టవ్‌లు తక్కువ వాట్లను నికరంగా ఇవ్వవు. కొన్ని సెకన్లు గట్టిగా వేడెక్కించి, కొన్ని సెకన్లు ఆగిపోతాయి. గుయ్‌మనే శబ్దం వచ్చి పోతుంటుంది కాబట్టి చెవికే తెలిసిపోతుంది. చారుకి, కుక్కర్‌కి దీంతో ఇబ్బంది లేదు. పాయసం, కోవా, చిక్కటి గ్రేవీ లాంటివి మాత్రం ఆ గట్టి సెకన్లలో అడుగంటుతాయి. వాటికి మందపాటి గిన్నె వాడండి, గరిటె ఆపకుండా తిప్పండి.

స్టవ్ మీద ఇడ్లీ, దోశ, పాలు, కూర అని బటన్లు ఉంటాయి. కొన్నింటిలో డిగ్రీల లెక్క కూడా ఉంటుంది. మొదటి వారం వాటిని ముట్టుకోవద్దని నా సలహా. వేడి కొలిచే సెన్సర్ గాజు కింద ఉంటుంది, గిన్నెలో ఏం జరుగుతోందో దానికి ఆలస్యంగా తెలుస్తుంది. వాట్ల లెక్క చేతికి వచ్చాక ఆ బటన్లు వాడుకోవచ్చు, అప్పుడు మీకు వాటి అవసరం పెద్దగా ఉండదు కూడా.

రెండో రోజు: పాలు

గిన్నెని నీళ్లతో తడిపి, పాలు పోసి, 1000 వాట్లు దాటకుండా పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన లీటరు పాలు ఏడెనిమిది నిమిషాల్లో కాగుతాయి. తొందరపడి 1600 పెడితే తీగచుట్టకి సరిగ్గా పైన ఉన్న చోట గుండ్రటి మచ్చలా అడుగంటుతుంది. పాలు పొంగు మీదికి వచ్చినప్పుడు మీ చేయి అలవాటు కొద్దీ గిన్నెని పైకెత్తుతుంది. ఎత్తినా మంచిదే, వేడి ఆ క్షణమే ఆగిపోతుంది. బటన్ నొక్కినా అంతే, పొంగు అక్కడికక్కడే కూర్చుంటుంది. గ్యాస్ కట్టేశాక కూడా బర్నర్ వేడికి పొంగే బాధ ఇక్కడ లేదు. ఈ స్టవ్ మీద నాకు మొదట ఇష్టం పుట్టింది పాల దగ్గరే.

బటన్లు నొక్కేటప్పుడు వేళ్లు పొడిగా ఉండాలి. తడి వేలు పెడితే పలక వినదు. పొంగిన పాలు బటన్ల మీద పడితే స్టవ్ తనంతట తనే ఆగిపోయి అరుస్తుంది. పొడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టుకోండి.

మూడో రోజు: కుక్కర్

విజిల్స్ లెక్క మర్చిపోండి. కొత్తవాళ్ల పప్పు ఉడకకుండా ఉండిపోయేది ఈ ఒక్క కారణంతోనే. పెద్ద వాట్లలో నీళ్లు చకచకా ఆవిరై మూడు విజిల్స్ టకటకా వచ్చేస్తాయి. విజిల్స్ వచ్చాయి కానీ పప్పుకి ఉడికేంత సమయం దొరకలేదు. ఇక్కడ నిమిషాలు లెక్కపెట్టాలి. అరగంట నానబెట్టిన కందిపప్పుని మొదటి విజిల్ వచ్చేదాకా 1200లో పెట్టండి. విజిల్ రాగానే 400కి దించి పది నిమిషాలు ఉంచి ఆపేయండి. ఈ పది నిమిషాల్లో ఇంకో విజిల్ రాకపోయినా కంగారుపడకండి, లోపల ఒత్తిడి ఉంది, పప్పు ఉడుకుతూనే ఉంది. ఆవిరి తనంతట తను దిగాకే మూత తీయండి.

నాలుగో రోజు: పోపు

అందరికీ కష్టమయ్యేది ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. గ్యాస్ మీద పోపు పెట్టేటప్పుడు మనం మూడు పనులు తెలియకుండానే చేస్తాం. నూనె కాగేలోపు డబ్బాలు తీస్తాం, గిన్నెని కాస్త వంచి నూనెని ఒక పక్కకి చేరుస్తాం, మాడుతుందనిపిస్తే గిన్నెని మంట మీద నుంచి పక్కకి లాగుతాం. ఇక్కడ మొదటిదానికి టైమ్ ఉండదు. నూనె అర నిమిషంలో కాగిపోతుంది. రెండోది అసలు కుదరదు, వంచితే వేడి ఆగిపోతుంది. మూడోది మాత్రం ఇంకా బాగా పనిచేస్తుంది.

అందుకని స్టవ్ వెలిగించే ముందే పోపు సామాన్లన్నీ ఒక పళ్లెంలో వరుసగా పెట్టుకోండి. కరివేపాకు తడి తుడిచేసి ఉంచండి. చిన్న పోపుగరిటెని స్టవ్ గుర్తించదు కాబట్టి, స్టవ్ పట్టుకునేంతలో అన్నిటికన్నా చిన్న అడుగున్న గిన్నె వాడండి. పెద్ద మూకుడులో రెండు చెంచాల నూనె పల్చగా పరుచుకుని, పప్పులు మునగక ఒకవైపే మాడతాయి. 600 వాట్లలో నూనె పెట్టి, అది పూర్తిగా కాగకముందే శనగపప్పు, మినప్పప్పు వేయండి. అవి రంగు తిరగడం మొదలవగానే ఆవాలు వేయండి. ఆవాలు చిటపటలాడటం మొదలైన క్షణం స్టవ్ ఆపేయండి. జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేగడానికి గిన్నెలో మిగిలిన వేడి సరిపోతుంది. ముందుగా ఆపేస్తున్నామేమో అనిపిస్తుంది, అయినా ఆపండి. నేను వరుసగా మూడు రోజులు పోపు మాడ్చాకే నాకిది తెలిసింది. నాలుగో రోజు మామిడికాయ పప్పులో ఇంగువ వాసన సరిగ్గా వచ్చింది.

అయిదో రోజు: దోశ

పెనం మీద వేడి సమంగా ఉండదు. మామూలు ఇండక్షన్ స్టవ్‌లో తీగచుట్ట పెనం కన్నా చిన్నది. పెనాన్ని ఒక్కసారిగా 1800లో పెడితే మధ్యలో పొగ వస్తుంటే అంచులు చల్లగా ఉంటాయి. పోత ఇనుముదైతే పగిలే ప్రమాదం కూడా ఉంది. 600లో అయిదు నిమిషాలు ఓపిక పట్టండి, మధ్యలో రెండుసార్లు పెనాన్ని ఎత్తి కొంచెం తిప్పి పెట్టండి. నీళ్లు చిలకరించి, ఉల్లిచెక్కతో రుద్ది, పిండి పోసేటప్పుడు 400కి దించండి. వేడి ఎక్కువుంటే పిండి గరిటెకి చుట్టుకుంటుంది, పెనం మీద పరుచుకోదు. పరిచాక 1000కి పెంచండి. దోశ మరీ పెద్దదిగా వేయకండి, తీగచుట్ట కన్నా నాలుగు వేళ్లు పెద్దదైతే చాలు. పెసరట్టుకీ ఇదే పద్ధతి. పెనాన్ని గాజు మీద జరపకూడదు, ఎత్తి పెట్టాలి. ఒక్క ఇసుక రేణువు అడుగున ఉన్నా గీత పడుతుంది.

బజ్జీలు, గారెలు చేసేటప్పుడు డిగ్రీల బటన్ కొంత పనికొస్తుంది. 180 దగ్గర పెట్టి, చిన్న పిండి ముద్ద వేసి చూసుకోండి. చదునైన మూకుడుకి నూనె ఎక్కువ పడుతుంది. తక్కువ నూనె పోసి పెద్ద వాట్లలో పెట్టడం చాలా ప్రమాదం, రెండు మూడు నిమిషాల్లోనే పొగలు కక్కుతుంది. నూనె పెట్టి పక్క గదిలోకి వెళ్లకండి.

దీని మీద కానివి

నిప్పు మీద కాల్చే వంటలు ఇక్కడ లేవు. అప్పడం సెగకి కాల్చలేం, నూనెలో వేయించాలి లేదా పెనం మీద గుడ్డతో ఒత్తుతూ కాల్చాలి. పుల్కా కూడా పెనం మీదే గుడ్డతో ఒత్తితే పొంగుతుంది. వంకాయ పచ్చడికి వంకాయని నిలువుగా చీల్చి, నూనె రాసి, కోసిన వైపు పెనానికి ఆనించి మూతపెట్టి సన్నసెగ మీద మగ్గించండి. మెత్తగా వస్తుంది కానీ ఆ కాలిన వాసన మాత్రం రాదు. ఆ వాసన కోసం, కరెంటు పోయినప్పటి కోసం ఒక గ్యాస్ పొయ్యి ఇంట్లో ఉంచుకోవడమే మంచిది. మామూలు ఇళ్లలో ఉండే ఇన్వర్టర్ ఈ స్టవ్‌ని మోయలేదు.

బిల్లు సంగతి

14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. గ్యాస్ మంటలో మూడో వంతు దాకా గాలిలో కలిసిపోతుంది, ఇండక్షన్‌లో పోయేది చాలా తక్కువ. ఆ లెక్కన ఒక సిలిండర్ చేసే వంటకి ఇక్కడ 140 యూనిట్ల వరకు కావచ్చు. మీ సిలిండర్ ధరని 140తో భాగించి, కరెంటు యూనిట్ ధరతో పోల్చి చూడండి. పోల్చేటప్పుడు బిల్లులోని మొదటి స్లాబు ధర తీసుకోకండి. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా వాడకం పెరిగేకొద్దీ స్లాబు పెరుగుతుంది. కొత్తగా కలిసే ఈ యూనిట్లు మీ చివరి స్లాబులో పడతాయి, ఆ ధరే లెక్క. ఏసీ ఎక్కువగా నడిచే ఎండాకాలంలో గ్యాస్, మిగతా నెలల్లో ఇండక్షన్ చవకపడే ఇళ్లు ఉంటాయి.

తుడవడం

పలకకి సొంత వేడి లేదు కానీ, గిన్నె వేడికి అది కాలుతుంది. వంటయ్యాక పది నిమిషాలు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చల్లారాక తడిగుడ్డ చాలు. నీళ్ల మచ్చలు ఉంటే నిమ్మచెక్కతో రుద్దండి. స్టీలు పీచు వాడకండి. చెంచాలు, గరిటెలు, మూతలు పలక మీద పెట్టి వదిలేయకండి. పలక మీద పగులు కనిపిస్తే ఆ రోజు నుంచే వాడటం ఆపేయండి, ఒలికిన నీళ్లు నేరుగా లోపలి కరెంటు భాగాల మీదికి పోతాయి.

ఆదివారం: ఒకే పొయ్యి మీద పూర్తి భోజనం

రెండు బర్నర్లకి అలవాటుపడ్డవాళ్లకి అసలు టెన్షన్ ఇదే. వరుస మారిస్తే సరిపోతుంది. ముందు కుక్కర్‌లో కింద పప్పు గిన్నె, పైన బియ్యం గిన్నె పెట్టండి. గిన్నెల్లో పెట్టిన పప్పుకి ఇంకో అయిదు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. అది ఉడికేలోపు కూరగాయలు తరిగి, చింతపండు నానబెట్టండి. కుక్కర్‌ని ఆపి, ఎత్తి పక్కన గట్టు మీద పెట్టండి, ఆవిరి అక్కడే దిగుతుంది. ఖాళీ అయిన స్టవ్ మీద మూకుడు పెట్టి దొండకాయ వేపుడు మొదలుపెట్టండి, ముందు 1000, మగ్గాక 600. అది దించాక చారు తెర్లనిచ్చి దించండి. ఇంతలో కుక్కర్ ఆవిరి దిగి ఉంటుంది. మూత తీసి, పప్పు మెదిపి ఉంచండి. చివరగా చిన్న గిన్నెలో ఒకటే పోపు పెట్టి, సగం పప్పులో, సగం చారులో వేయండి. మా ఇంట్లో నలుగురికి ఇదంతా గంటలోపు అయిపోతుంది.